సెకనుకు ఎన్ని చిత్రాలు: పాత వీడియో హెచ్‌డీలోకి మారేటప్పుడు

పాత వీడియోను హెచ్‌డీలోకి, అంటే హై డెఫినిషన్ రూపంలోకి, తీసుకురావడంలో రెండు కొలతలకు పని పడుతుంది. మొదటిది చిత్రం పరిమాణం. భారతదేశంలో దశాబ్దాల పాటు వాడుకలో ఉన్న స్టాండర్డ్ డెఫినిషన్ డిజిటల్ చిత్రంలో అడ్డంగా 720, నిలువుగా 576 పిక్సెళ్లు, అంటే చిత్రాన్ని కూర్చే చిన్న చుక్కలు, ఉండగా పూర్తి హెచ్‌డీ చిత్రంలో వాటి సంఖ్య 1920, 1080 అయింది. రెండవది కాలానికి సంబంధించిన కొలత. తెరమీద కదులుతున్నట్టు కనిపించే దృశ్యం నిజానికి ఒకదాని వెంట ఒకటి వచ్చే నిశ్చల చిత్రాల వరుస. అందులో ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేమ్ అనీ, సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్యను ఫ్రేమ్ రేటు అనీ అంటారు. టీవీ ప్రకటనల్లోనూ దుకాణాల్లోనూ మొదటి కొలత గురించే ఎక్కువగా వినిపిస్తుంది. అయితే హెచ్‌డీలోకి మార్చిన పాత సినిమా పాటలోనో పెళ్లి వీడియోలోనో కదలిక గతుకులు పడుతున్నట్టు, కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్లలా చీలినట్టు, గాయకుడి గొంతు కొద్దిగా సన్నబడినట్టు తోచిందంటే, పొరపాటు చాలాసార్లు ఆ రెండవ కొలత దగ్గరే జరిగి ఉంటుంది.

పరిమాణాన్ని పెంచడం కొంతవరకు సులువు. 576 వరుసల చిత్రాన్ని 1080 వరుసలకు సాగదీయాలంటే ప్రతి కొత్త పిక్సెల్‌కూ చుట్టుపక్కల పిక్సెళ్ల రంగుల నుంచి మధ్యస్థమైన విలువ ఒకటి లెక్కకట్టవచ్చు. చిత్రం కాస్త మెత్తబడుతుందే తప్ప అందులో అబద్ధం చేరదు. కాలం విషయంలో ఈ వెసులుబాటు లేదు. కెమెరా చూడని క్షణాన్ని చూపించాలంటే ఆ క్షణాన్ని ఎవరో ఒకరు కల్పించవలసిందే. అందుచేత మార్పిడికి పూనుకునే ముందు ఆ దృశ్యం పుట్టినప్పుడు సెకనుకు ఎన్నిసార్లు నమోదైందో తేల్చుకోవడం మొదటి పని అవుతుంది. అది తేలితే మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతట అవే కుదురుకుంటాయి. తేలకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ వాడినా ఫలితం నిలకడగా ఉండదు.

ఈ సంఖ్యలు ఒక్కొక్కటీ ఒక్కొక్క అవసరం నుంచి పుట్టాయి. మూకీ చిత్రాల కాలంలో కెమెరామన్ చేతితో పిడి తిప్పేవాడు కనుక వేగం మనిషినిబట్టి, దృశ్యాన్నిబట్టి మారేది. 1920ల చివర ఫిల్మ్ అంచున ధ్వనిని కూడా ముద్రించడం మొదలయ్యాక వేగం మారితే గొంతు మారిపోతుంది కాబట్టి ఒక స్థిరమైన సంఖ్య కావలసి వచ్చింది. ధ్వని స్పష్టంగా వినబడటానికి సరిపోయి, ఫిల్మ్ ఖర్చు మితిమీరకుండా ఉండే వేగంగా సెకనుకు 24 ఫ్రేములు ఖాయమైంది. 1930లలో తెలుగు టాకీలు వచ్చేనాటికే ఈ వేగం స్థిరపడింది. 24 చిత్రాలు కదలికను చూపడానికి చాలుతాయి కానీ వెలుగు మినుకుమినుకుమనకుండా ఉండటానికి చాలవు. అందుకే ప్రొజెక్టర్‌లోని షట్టర్, అంటే తిరిగే రేకు, ఒకే చిత్రాన్ని రెండుసార్లు వెలిగించి, కంటికి సెకనుకు 48 మెరుపులు అందేలా చేస్తుంది.

టెలివిజన్ మాత్రం విద్యుత్ సరఫరాను అనుసరించింది. బ్రిటన్‌లోనూ యూరప్‌లోనూ విద్యుత్ ప్రవాహం సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది, అమెరికాలో 60 ఆవృత్తులతో వస్తుంది. టీవీ చిత్రం వేగం దీనితో పొసగకపోతే సరఫరా వల్ల పుట్టే నీడపట్టీలు తెరమీద పైకీ కిందికీ పాకుతుంటాయి. అందువల్ల 1936లో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ ప్రారంభించిన ప్రసారాలు సెకనుకు 25 ఫ్రేములతోనూ, 1941లో అమెరికా స్థిరపరచుకున్న ప్రమాణం 30 ఫ్రేములతోనూ నడిచాయి. 1959లో ఢిల్లీలో మొదలైన భారతీయ టెలివిజన్ 625 గీతల, 25 ఫ్రేముల పద్ధతిని చేపట్టింది. 1982 ఆసియా క్రీడల సందర్భంగా రంగులు వచ్చినప్పుడు పాల్ అనే వర్ణ పద్ధతి దానికి జతకూడింది.

అమెరికా సంఖ్య 30 దగ్గర నిలవలేదు. 1953లో అక్కడ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో రంగులు ప్రవేశపెట్టినప్పుడు, అప్పటికే ఇళ్లలో ఉన్న నలుపు తెలుపు సెట్లు పనికిరాకుండా పోకూడదన్న నియమం ఒకటి ఉండేది. రంగుల సమాచారాన్ని మోసే ఉపవాహక తరంగం, చిత్ర వాహకానికి 4.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉన్న ధ్వని తరంగం ఒకదానితో ఒకటి కలబడితే తెరమీద సన్నని చుక్కల జాలు కనిపించే ప్రమాదం ఉండేది. ధ్వని తరంగాన్ని జరిపితే పాత సెట్లు ఇబ్బంది పడతాయి. కాబట్టి ఇంజనీర్లు దానిని కదపకుండా, 4.5 మెగాహెర్ట్జ్‌ను 286తో భాగించగా వచ్చే సంఖ్యను, అంటే సెకనుకు సుమారు 15,734 గీతలను, కొత్త గీతల వేగంగా తీసుకున్నారు. దానిని 525తో భాగిస్తే సెకనుకు 29.97 ఫ్రేములు వస్తాయి. వెయ్యిలో ఒక వంతు మాత్రమే ఉన్న ఈ చిన్న సర్దుబాటు ఆనాటి సెట్లను కాపాడింది. ఆ తరవాత వచ్చిన ప్రతి ఎడిటింగ్ యంత్రమూ, ప్రతి డిజిటల్ ఫైలూ ఈ భిన్నాన్ని మోయవలసి వచ్చింది. నలుపు తెలుపు సెట్లు కనుమరుగై దశాబ్దాలు గడిచినా, ఆ సంఖ్య హెచ్‌డీ ప్రమాణాల్లోనూ చోటు చేసుకుంది.

ఫ్రేముల సంఖ్యతోనే విషయం ముగిసి ఉంటే మార్పిడి ఇంత చిక్కుగా ఉండేది కాదు. పాత టెలివిజన్ ఒక ఫ్రేమ్‌ను ఒకేసారి పంపదు. దానిని రెండు ఫీల్డ్‌లుగా విడదీసి, ముందు బేసి గీతలనూ తరవాత సరి గీతలనూ పంపుతుంది. ఈ పద్ధతిని ఇంటర్‌లేసింగ్ అంటారు. ప్రసారానికి దొరికే తరంగాల వెడల్పు పరిమితమైన కాలంలో వివరాన్నీ, మినుకు లేని వెలుగునూ రెంటినీ ఒకేసారి సాధించడానికి కనిపెట్టిన తెలివైన ఉపాయం అది. అయితే వీడియో కెమెరాతో తీసిన దృశ్యంలో రెండు ఫీల్డ్‌లూ ఒకే క్షణానికి చెందినవి కావు. పాల్ పద్ధతిలో మొదటి ఫీల్డ్‌కూ రెండవదానికీ మధ్య సెకనులో 50వ వంతు గడిచిపోతుంది. అంటే 25 ఫ్రేముల వీడియో అని పైకి చెప్పుకునేది, కాలం లెక్కలో చూస్తే, సగం సగం గీతలతో తీసిన 50 వేర్వేరు క్షణాల వరుస అన్నమాట.

1990లలో వీహెచ్‌ఎస్ కెమెరాతో తీసిన పెళ్లి వీడియోలో తలంబ్రాల ఘట్టాన్ని ఇందుకు ఉదాహరణగా పరిశీలించవచ్చు. వధువు దోసిలి నుంచి జారి, వరుడి తలమీదుగా ఒడిలోకి రాలే బియ్యపు గింజ అర మీటరు దిగేసరికి దాని వేగం సెకనుకు దాదాపు 3 మీటర్లకు చేరుతుంది; కాబట్టి ఒక ఫీల్డ్‌కూ తరవాతి ఫీల్డ్‌కూ మధ్య అది 6 సెంటీమీటర్లు కిందికి వచ్చి ఉంటుంది. బేసి గీతల్లో ఆ గింజ ముక్కు దగ్గర ఉంటే సరి గీతల్లో గడ్డం దగ్గర ఉంటుంది. ఈ రెండు ఫీల్డ్‌లనూ కలిపి ఒకే చిత్రంగా చూపిస్తే ఒక్క గింజ రెండు చోట్ల సగం సగం కనిపిస్తుంది; ఎగిరే చేతుల అంచులు గీతలు గీతలుగా చీలిపోతాయి. పాత గాజు గొట్టపు టీవీ ఫీల్డ్‌లను ఒకదాని తరవాత ఒకటిగా, అవి పుట్టిన వరుసలోనే చూపించేది కనుక ఈ లోపం అప్పట్లో ఎవరికీ కనిపించలేదు. నేటి ఎల్‌సీడీ, ఎల్ఈడీ తెరలు చిత్రాన్ని మొత్తంగా ఒకేసారి చూపించే ప్రోగ్రెసివ్ తెరలు. వాటికి పూర్తి ఫ్రేములు కావాలి.

ఫీల్డ్‌లను పూర్తి ఫ్రేములుగా మార్చే ప్రక్రియకు డీఇంటర్‌లేసింగ్ అని పేరు. ఇందులో అన్నిటికన్నా హీనమైన పద్ధతి ప్రతి జంటలోనూ ఒక ఫీల్డ్‌ను పారవేసి, మిగిలినదానిని రెట్టింపు ఎత్తుకు సాగదీయడం. తలంబ్రాల ఘట్టంలో 50 క్షణాల్లో 25 దీనివల్ల శాశ్వతంగా పోతాయి, నిలువు వివరం కూడా సగానికి పడిపోతుంది. విచారించవలసిన సంగతి ఏమిటంటే, క్యాసెట్లను డిజిటల్‌గా మార్చిన ఇంటి వీడియోల్లో చాలావాటికి జరిగింది ఇదే. రెండు ఫీల్డ్‌లనూ కలగలిపి సగటు తీసే మరో పద్ధతిలో దువ్వెన గీతలు పోతాయి కానీ కదిలే ప్రతి వస్తువూ జంట నీడలతో మసకబారుతుంది. ఒక్కొక్క ఫీల్డ్‌ను విడిగా సాగదీసి సెకనుకు 50 ఫ్రేములు చేసే పద్ధతిని బాబ్ అంటారు. కదలిక అచ్చంగా నిలుస్తుంది కానీ కదలని భాగాలు, ఉదాహరణకు పీటలమీద కూర్చున్నవారి చీర అంచులోని సన్నని జరీ గీత, పైకీ కిందికీ వణుకుతాయి. ఎందుకంటే ఆ గీత బేసి ఫీల్డ్‌లో ఉంటే సరి ఫీల్డ్‌లో ఉండకపోవచ్చు.

వీటికంటే మెరుగైన పద్ధతులు చిత్రాన్ని ప్రాంతాలవారీగా చూస్తాయి. కదలని చోట పక్క ఫీల్డ్‌లోని గీతలను యథాతథంగా తెచ్చుకుని పూర్తి వివరాన్ని నిలబెడతాయి, కదిలే చోట మాత్రమే అంచనాకు దిగుతాయి. ఇంకా ముందుకు వెళ్లిన పద్ధతుల్లో యంత్రం ప్రతి చిన్న భాగమూ ఏ దిశలో, ఎంత దూరం జరిగిందో లెక్కించి, ముందు ఫీల్డ్‌లోనూ తరవాతి ఫీల్డ్‌లోనూ ఉన్న గీతలను ఆ మేరకు జరిపి, ఖాళీలను నింపుతుంది. ఇటువంటి పద్ధతితో పెళ్లి వీడియోను సెకనుకు 50 పూర్తి ఫ్రేములుగా మార్చినప్పుడు తలంబ్రాల గింజలు విడివిడిగా రాలుతాయి, జరీ గీత కదలకుండా ఉంటుంది. ఆ తేడా చూడటానికి నిపుణుల కన్ను అక్కరలేదు.

ఇక్కడ పనుల క్రమం చాలా ముఖ్యమైనది. డీఇంటర్‌లేసింగ్ పూర్తయిన తరవాతే చిత్రాన్ని 1080 వరుసలకు పెంచాలి. ముందే పెంచితే, పరిమాణం మార్చే లెక్క పక్కపక్క గీతలను కలుపుతుంది కాబట్టి రెండు వేర్వేరు క్షణాలు విడదీయరానంతగా కలిసిపోతాయి. ఆ తరవాత ఏ పద్ధతీ వాటిని మళ్లీ విడదీయలేదు. ఫీల్డ్‌ల వరుస కూడా సరిచూసుకోవాలి. హెచ్‌డీ ప్రమాణంలో పై ఫీల్డ్ ముందు వస్తుంది, కానీ 1990ల మధ్య నుంచి వచ్చిన డీవీ, అంటే డిజిటల్ వీడియో, క్యాసెట్లలో కింది ఫీల్డ్ ముందు నమోదై ఉంటుంది. ఈ వరుస తారుమారైతే వస్తువు రెండడుగులు ముందుకు వేసి ఒకడుగు వెనక్కి వేస్తున్నట్టు నిరంతరం అదురుతుంది. కారణం ఒక్క సెట్టింగులోనే ఉన్నా, చూసేవారు క్యాసెట్ పాడైపోయిందనే అనుకుంటారు.

పాల్ క్యాసెట్‌మీద ఉన్నది సినిమా అయితే పరిస్థితి పూర్తిగా మారుతుంది. ఫిల్మ్‌ను వీడియోగా మార్చే యంత్రాన్ని టెలిసినీ అంటారు. 50 ఆవృత్తుల దేశాల్లో 24 ఫ్రేముల సినిమాను టెలిసినీలో 25 ఫ్రేముల వేగంతో నడిపించేయడం ఆనవాయితీ. ఒక్క ఫ్రేమ్ తేడాయే కదా అనిపించవచ్చు కానీ అది నూటికి నాలుగు పైచిలుకు. 3 గంటల పాత పౌరాణిక చిత్రం ఈ వేగంతో 172 నిమిషాల 48 సెకన్లలో ముగిసిపోతుంది. ఒక్క సన్నివేశమూ కత్తిరించకుండానే 7 నిమిషాలకు పైగా తగ్గుతుంది. కదలికలో ఆ తేడాను కన్ను పట్టుకోదు. చెవి పట్టుకుంటుంది. ధ్వనిని కూడా అంతే వేగంగా తిప్పితే శ్రుతి పెరుగుతుంది. ఆ పెరుగుదల అర శ్రుతిలో సుమారు 70 శాతం. ఒకటి శ్రుతిలో పాడిన పద్యం ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఎక్కడో వినిపిస్తుంది. హార్మోనియం పక్కన పెట్టుకుని ఆ పద్యాన్ని నేర్చుకునేవారికి ఏ మెట్టూ సరిగ్గా కలవదు. వీడియో క్యాసెట్ల ద్వారా పాత పాటలకు అలవాటుపడినవారికి అసలు రికార్డు విన్నప్పుడు గాయకుల గొంతు కాస్త బరువుగా, పాట కాస్త నిదానంగా తోచడానికి ఇదొక కారణం కావచ్చు.

ఇటువంటి క్యాసెట్‌లో ఒక్కొక్క సినిమా ఫ్రేమ్ రెండు ఫీల్డ్‌లుగా విడిపోయి ఉంటుంది, ఆ రెండూ ఒకే క్షణానివి. వాటిని మళ్లీ అల్లితే చాలు, అచ్చమైన ఫిల్మ్ ఫ్రేమ్ తిరిగి వస్తుంది. దీనిమీద డీఇంటర్‌లేసింగ్ ప్రయోగిస్తే ఉన్న వివరాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే. అల్లిన 25 ఫ్రేములను అలాగే ఉంచి, వాటిని సెకనుకు 24 చొప్పున నడిపించి, ధ్వనిని అదే నిష్పత్తిలో నిదానింపజేస్తే సినిమా తన అసలు నిడివికీ, పాట తన అసలు శ్రుతికీ చేరుకుంటాయి. నెగటివ్ మిగిలి ఉన్న చిత్రాలకు ఫిల్మ్‌నే నేరుగా హెచ్‌డీలోకి స్కాన్ చేయడం నిస్సందేహంగా ఉత్తమం. నెగటివ్‌లు చెడిపోయి వీడియో ప్రతులే దిక్కైన చిత్రాలకు మాత్రం ఈ తిరుగు ప్రయాణం ఎంతో విలువైనది.

ఈ విధంగా ఒకే రకం క్యాసెట్, ఒకే 625 గీతలు, ఒకే 25 ఫ్రేములు ఉన్నా పెళ్లి వీడియోకు ఒక వైద్యమూ సినిమాకు దానికి పూర్తిగా భిన్నమైన వైద్యమూ అవసరమవుతాయి. క్యాసెట్ మీది చీటీ ఈ తేడాను చెప్పదు; దృశ్యాన్ని ఫీల్డ్ తరవాత ఫీల్డ్‌గా కదిపి చూసినప్పుడే అది బయటపడుతుంది. ప్రతి ఫీల్డ్‌లోనూ వస్తువు కొత్త చోట ఉంటే అది వీడియో కెమెరా పని, రెండేసి ఫీల్డ్‌లలో ఒకే చోట ఉండి తరవాత జరిగితే అది ఫిల్మ్. సినిమా పాటల మధ్య వ్యాఖ్యాత స్టూడియోలో మాట్లాడే టీవీ కార్యక్రమంలో రెండు రకాలూ నిమిషానికొకసారి మారుతుంటాయి కనుక అటువంటి టేపును ముక్కలుగా విడదీసి, దేని వైద్యం దానికి చేయడం తప్ప దగ్గరిదారి లేదు.

60 ఆవృత్తుల దేశాల్లో ఫిల్మ్‌ను టీవీకి మార్చే తీరు వేరు. 24ను 30 చేయడానికి వేగం పెంచితే మనుషులు పరుగెత్తుతారు, గొంతులు గుర్తుపట్టరానంతగా మారతాయి. అందుచేత అక్కడ మొదటి ఫ్రేమ్‌ను రెండు ఫీల్డ్‌ల పాటు, రెండవదానిని మూడు ఫీల్డ్‌ల పాటు, మళ్లీ రెండు, మళ్లీ మూడు చొప్పున నిలుపుతారు. 4 ఫిల్మ్ ఫ్రేములు ఈ లెక్కన 10 ఫీల్డ్‌లు, అంటే 5 వీడియో ఫ్రేములు అవుతాయి. టూ త్రీ పుల్‌డౌన్ అని పిలిచే ఈ పద్ధతిలో నిడివి మారదు, కానీ కెమెరా నిదానంగా ఒక పక్కకు జరిగే దృశ్యాల్లో కదలిక ఎగుడుదిగుడుగా సాగుతుంది. హెచ్‌డీలోకి మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఈ రెండు మూడుల లయను గుర్తించి, అదనపు ఫీల్డ్‌లను తొలగించి, అసలు 24ను రాబట్టగలదు. లయ చెదరకుండా ఉన్నంతవరకే ఇది సాధ్యం. పుల్‌డౌన్ జరిగిన తరవాత వీడియో టేపుమీద ఎడిటింగ్ చేసి ఉంటే, ప్రతి కత్తిరింపు దగ్గరా లయ తెగిపోతుంది; వీడియోలోనే తయారైన అక్షరాలూ గ్రాఫిక్సూ ఆ లయను అసలే పాటించవు.

1987 నుంచి 1994 వరకు అమెరికాలో ప్రసారమైన స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్ ధారావాహిక చరిత్ర ఈ చిక్కుకు మంచి నిదర్శనం. దానిని 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద 24 ఫ్రేములతో చిత్రీకరించారు, కానీ ఖర్చూ కాలమూ కలిసివస్తాయని ఎడిటింగునూ ప్రత్యేక దృశ్యాల కూర్పునూ ఎన్‌టీఎస్‌సీ టేపుమీద చేశారు. పూర్తయిన ఎపిసోడ్ ఫిల్మ్ రూపంలో ఎక్కడా లేదు. హెచ్‌డీ కాలం వచ్చినప్పుడు ఆ టేపులను సాగదీయడం వల్ల తగిన ఫలితం రాదని తేలి, భద్రపరచిన అసలు నెగటివ్ ముక్కలను వెతికి తీసి, స్కాన్ చేసి, ప్రతి ఎపిసోడ్‌నూ మొదటి ఎడిటింగును అనుసరించి తిరిగి కూర్చారు. అంతరిక్ష నౌకల దృశ్యాలను విడివిడి ఫిల్మ్ పొరల నుంచి మళ్లీ కలిపారు. 2012 నుంచి 2014 వరకు బ్లూ రే డిస్కులుగా వెలువడిన ఆ ప్రతుల్లో కనిపించే స్వచ్ఛత, నెగటివ్‌లను పారవేయకుండా దాచినవారి పుణ్యమే.

50కీ 60కీ మధ్య మార్పిడి అన్నిటికన్నా కష్టమైనది. ఇక్కడ దాచిపెట్టిన అసలు లయ ఏదీ లేదు. 5 క్షణాలు ఉన్న చోట 6 క్షణాలు కావాలి, అందులో చాలా క్షణాలను కెమెరా చూడనే లేదు. తొలినాళ్లలో ఒక పద్ధతి తెరమీద ఆడుతున్న చిత్రాన్ని మరో ప్రమాణపు కెమెరాతో తిరిగి తీయడమే. 1969 జూలైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద నడిచిన దృశ్యాలు ప్రపంచానికి అందింది ఈ దారినే. చంద్రుడి మీది కెమెరా 320 గీతలతో, సెకనుకు 10 ఫ్రేములతో చిత్రాలు పంపేది. అమెరికాలోని గోల్డ్‌స్టోన్, ఆస్ట్రేలియాలోని హనీసకిల్ క్రీక్, పార్క్స్ కేంద్రాలు అందుకున్న ఆ చిత్రాలను ఒక మానిటర్ మీద ఆడించి, దాని ఎదుట నిలిపిన టీవీ కెమెరాతో తీసి, ఒక్కొక్క చిత్రాన్నీ అయస్కాంత డిస్కులో నిలిపి పదేపదే చూపిస్తూ 10ని 30 చేశారు. అడుగులు వేసినవారి వెనుక కనిపించిన నీడల జాడల్లో కొంత భాగం ఈ మార్పిడి వేసినదే.

1972లో బ్రిటన్‌లోని ఇండిపెండెంట్ బ్రాడ్‌కాస్టింగ్ అథారిటీ ఇంజనీర్లు డైస్ అనే డిజిటల్ మార్పిడి యంత్రాన్ని రూపొందించడంతో మానిటర్‌నూ కెమెరానూ ఎదురెదురుగా నిలపవలసిన అవసరం తగ్గింది. అయినా చాలాకాలం యంత్రాలు పక్కపక్క ఫీల్డ్‌లను రకరకాల పాళ్లలో కలపడం ద్వారానే కొత్త ఫీల్డ్‌ను తయారుచేసేవి. బంతి ఎగిరితే దానితోపాటు రెండు మసక బంతులు కూడా ఎగిరేవి. 1980లలో బీబీసీ పరిశోధకులు అభివృద్ధి చేసిన ఫేజ్ కోరిలేషన్ విధానం, దృశ్యంలోని కదలికల దిశనూ వేగాన్నీ గణిత పద్ధతిలో విశ్లేషించి, వస్తువును ఆ మధ్య క్షణంలో అది ఉండవలసిన చోటికి జరిపి నిలపడం సాధ్యం చేసింది. క్రికెట్, ఫుట్‌బాల్ ఆటల ప్రసారాలు ఖండాలు దాటుతున్నా ఇంత శుభ్రంగా కనిపించడానికి ఆ వంశానికి చెందిన యంత్రాలే ఆధారం.

తెలుగువారికి ఈ 50, 60 తగవుతో ప్రత్యక్ష పరిచయమే ఉంది. అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు ఇక్కడి నుంచి తీసుకువెళ్లిన పాల్ క్యాసెట్లు అక్కడి ఎన్‌టీఎస్‌సీ వీసీఆర్‌లలో ఆడేవి కావు. మార్పించుకున్న ప్రతుల్లో మసక జంటనీడలు శాశ్వతంగా ముద్రపడిపోయాయి. అటువంటి మార్పించిన ప్రతి నుంచి హెచ్‌డీ చేయడం కంటే, ఇక్కడి బంధువుల బీరువాలో అసలు పాల్ క్యాసెట్ ఉందేమో వెతకడం ఎంతో మేలు. నేటి కంప్యూటర్లూ టీవీ సెట్లలోని ప్లేయర్లూ ఏ దేశంలోనైనా సెకనుకు 50 ఫ్రేముల ఫైలును చాలావరకు ఆడించగలవు కాబట్టి, అమెరికాలోని పిల్లల కోసమని దానిని 60కి మార్చవలసిన అవసరం ఇప్పుడు దాదాపు లేదు.

మెషిన్ లెర్నింగ్‌తో తయారైన కొత్త సాఫ్ట్‌వేర్లు రెండు ఫ్రేముల మధ్య ఎన్ని కొత్త ఫ్రేములనైనా కల్పించి ఇస్తున్నాయి. 2018లో పీటర్ జాక్సన్ రూపొందించిన దే షల్ నాట్ గ్రో ఓల్డ్ చిత్రం, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో చేతితో పిడి తిప్పే కెమెరాలతో సెకనుకు 10 నుంచి 18 ఫ్రేముల వేగంతో తీసిన దృశ్యాలను 24కు సరిదిద్దింది. బొమ్మల్లా గబగబా నడిచే సైనికులు అందులో మనుషుల్లా నడిచారు. అక్కడ కల్పన అవసరమైనదే, ఎందుకంటే మరో దారి లేదు. కానీ 24 ఫ్రేములతో తీసిన పాత తెలుగు చిత్రాన్ని 60 ఫ్రేములుగా నునుపు చేసి హెచ్‌డీ అని అందించడంలో అటువంటి అవసరం ఏదీ కనిపించదు. ఛాయాగ్రాహకుడు వెలుగునూ కెమెరా నడకనూ 24కు తగినట్టు లెక్క వేసుకున్నాడు. నాట్యంలో వేళ్లు వేగంగా కదిలే చోట కల్పించిన ఫ్రేముల్లో వేళ్లు కలిసిపోవడం, ముద్ర చెదిరిపోవడం తరచూ చూడవచ్చు. నర్తకి పట్టని ముద్రను ఆమె చేతికి అంటగట్టడం భద్రపరచడం కిందికి రాదు.

ధ్వని గురించి మరొక మాట. సినిమాల హెచ్‌డీ ప్రతులు కొన్ని 24తోనూ, మరికొన్ని అమెరికా భిన్నాన్ని అనుసరించి 23.976తోనూ ఉంటాయి. ఒకదాని ధ్వనిని మరొకదాని చిత్రానికి జతచేస్తే మొదట్లో ఏమీ తెలియదు. గంట గడిచేసరికి పెదవులకూ మాటలకూ మధ్య 3.6 సెకన్ల ఎడం వస్తుంది. రంగుల లెక్క కూడా వేరే ఉంది: స్టాండర్డ్ డెఫినిషన్‌కూ హెచ్‌డీకీ రంగులను సంకేతాలుగా మార్చే సూత్రాలు వేర్వేరు కనుక ఆ మార్పు చేయకపోతే పసుపు, ఎరుపు వర్ణాలు కొద్దిగా దారి తప్పుతాయి. 4:3 నిష్పత్తిలో తీసిన చిత్రాన్ని 1440 పిక్సెళ్ల వెడల్పుతో మధ్యలో నిలిపి, అటూ ఇటూ నల్లని ఖాళీ వదలాలే తప్ప తెర నిండడం కోసం అడ్డంగా సాగదీయరాదు.

భారతదేశంలోని హెచ్‌డీ ఛానళ్లు కూడా సెకనుకు 50 ఫీల్డ్‌ల ఇంటర్‌లేసింగ్ పద్ధతినే కొనసాగిస్తున్నాయి కాబట్టి ప్రసారం కోసం తయారుచేసే ప్రతి ఒకటి, కంప్యూటర్లకూ ఫోన్లకూ ఉద్దేశించిన ప్రతి మరొకటి కావలసి రావచ్చు. ఈ రెండింటికీ మూలంగా ముందుగా చేయవలసినది క్యాసెట్‌లో ఉన్నదానిని ఉన్నట్టుగా దించుకోవడం: 720, 576 పిక్సెళ్లతో, 25 ఫ్రేములతో, రెండు ఫీల్డ్‌లూ చెక్కుచెదరకుండా, ఏ ఫీల్డ్ ముందో ఫైలు పేరులోనే రాసిపెట్టి. అపోలో 11 నుంచి వచ్చిన 10 ఫ్రేముల సంకేతాలను నమోదు చేసిన మూల టేపులను నాసా తరవాతి కాలంలో చెరిపి తిరిగి వాడుకోవడం వల్ల, 2009లో హెచ్‌డీ స్థాయిలో పునరుద్ధరణ చేపట్టినప్పుడు లౌరీ డిజిటల్ సంస్థకు దొరికినవి మార్పిడి జరిగిన టీవీ ప్రతులే. ఆనాటి మానిటర్ ముందు కెమెరా చేర్చిన మసకను ఎంత తుడిచినా కొంత మిగిలిపోయింది. ఇంటి క్యాసెట్‌లకు ఆ గతి పట్టకుండా చూసుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. డీవీ రూపంలో దించుకున్న గంట నిడివి పాల్ వీడియోకు సుమారు 13 గిగాబైట్ల చోటు చాలు.